నా కొలతల పిల్ల

ఆడవాళ్ళ నడుముల వైపు ఇంతలా చూసే ఆడది ఊళ్ళో ఇంకొకతె ఉండదని మా రేడియో అంటుంది. రేడియో అంటే మా షాపులో బిల్లు కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయి. పొద్దున షట్టర్ ఎత్తినప్పుడు మొదలుపెట్టిన మాట సాయంత్రం షట్టర్ దించేదాకా ఆపదు కాబట్టి ఆ పేరు. "ఆంటీ, మీరు గనక మగాడై ఇలా చూస్తే ఈపాటికి ఎన్ని చెప్పులు తెగేవో" అంటుంది. నేను నవ్వేసి ఊరుకుంటాను. నేను ఎవరి కోసం చూస్తున్నానో దానికి తెలీదు.

మాది ఆడవాళ్ళ జీన్స్ షాపు. వెనక వీధిలో ఫ్యాక్టరీ, ముందు వీధిలో షాపు. నేను ట్రయల్ రూముల దగ్గర ఉంటాను. మెడలో టేపు, ఎడమ మణికట్టుకి గుండుసూదులు గుచ్చుకునే చిన్న దిండు. లోపలికి వెళ్ళేటప్పుడు అందరూ హుషారుగానే వెళ్తారు. బయటికొచ్చేటప్పుడు మొహాలు చూడాలి. తొడల దగ్గర సరిపోతే నడుం దగ్గర గుప్పెడు ఖాళీ. నడుం సరిపోయేది తెచ్చిస్తే మోకాలు దాటి పైకి రాదు. నిలబడితే బ్రహ్మాండం, కూర్చుంటే ఊపిరాడదు. పాపం, ఒక్కొక్కత్తీ తన ఒంటినే తిట్టుకుంటుంది. "నేనే లావైపోయానండీ" అని తప్పు చేసినదానిలా తల దించుకుంటుంది. నాకు ఒళ్ళు మండుతుంది. "నువ్వు లావేంటమ్మా, ఆ దిక్కుమాలిన ప్యాంటే సన్నం" అని గదమాయిస్తాను. ఆ మాట వినడానికే మళ్ళీ వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

నిజానికి మా ప్యాంట్లు ఒక్క మనిషికి మాత్రం వంక పెట్టడానికి వీల్లేకుండా కుదిరేవి. ఆ మనిషిని నేనే.

వయసులో ఉన్నప్పుడు నేను ఫ్యాక్టరీ శాంపిల్ గదిలో పనిచేసేదాన్ని. నన్ను అక్కడ ఫిట్టింగ్ అమ్మాయి అనేవాళ్ళు. కొత్త రకం ప్యాంటు ఏది తయారైనా ముందు నేను తొడుక్కోవాలి. మా మాస్టారు, అంటే బట్ట కత్తిరించే పెద్దాయన, కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని నా చుట్టూ తిరిగేవాడు. "కూర్చో. లే. వంగు. స్టూలెక్కు. దిగు." ఎక్కడ ముడత కనబడితే అక్కడ గుండుసూది గుచ్చేవాడు. దాన్ని విప్పించి, సరిచేసి, మళ్ళీ తొడిగించేవాడు. ఆయన లెక్కలో మొదటి ట్రయల్ అసలు ట్రయలే కాదు. రెండోసారి తొడిగి చూడకుండా ఏ బట్టనీ గది దాటనిచ్చేవాడు కాదు.

సన్నటి నడుం, దాని కింద ఏమాత్రం మొహమాటం లేని పిరుదులు, ఎడమ పక్క పిసరంత ఎత్తు. నా కొలతలు అవి. మాస్టారు వాటిని అట్టల మీద గీసి, కత్తిరించి, గోడకి తగిలించాడు. ఫ్యాక్టరీలో ఏ సైజు కుట్టాలన్నా ఆ అట్టల నుంచి పెంచాల్సిందే, తగ్గించాల్సిందే. మాస్టారు పోయాడు. నా నడుం సన్నదనం కూడా ఎప్పుడో పోయింది. అట్టలు మాత్రం అలాగే ఉన్నాయి. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు నా పాత ఒంట్లో ఇరుక్కుని తంటాలు పడుతున్నారు.

నాకొక కూతురుండేది. ఉండేది అనడానికి ఇప్పటికీ నోరు రాదు, ఉంది అనడానికి ధైర్యం చాలదు. దాన్ని కూడా శాంపిల్ గదికి తీసుకెళ్ళేదాన్ని. కటింగ్ బల్ల కింద దాని రాజ్యం. కింద పడ్డ గుండుసూదుల్ని ఒక్కొక్కటే ఏరి, బుడిబుడి అడుగులు వేసుకుంటూ వచ్చి నా మణికట్టు దిండులో గుచ్చేది. ఒక్కటంటే ఒక్కటి కూడా తనకి గుచ్చుకోనిచ్చేది కాదు. అందుకే దానికి గుండుసూది అని పేరు పెట్టాను. అసలు పేరు ఎవరి నోటా పలకలేదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని దానికి లాగు తొడుగుతుంటే, పడిపోకుండా నా తల మీద చెయ్యి వేసి ఆనుకునేది. ఆనుకుని ఊరుకుంటుందా, వేళ్ళతో నా నడినెత్తిన దరువు వేసేది.

ప్యాంటు వేసుకుని పరాయి మగాడి ముందు నిలబడే ఉద్యోగం ఏమిటని నా మొగుడు మొదటి నుంచీ సణిగేవాడు. మాస్టారికి మనవలున్నారనీ, ఆ గది నిండా ఆడవాళ్ళే ఉంటారనీ చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. పిల్లకి జలుబు చేసిందని ఇంట్లో వదిలి వెళ్ళిన రోజు, సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి తలుపుకి తాళం. వాళ్ళక్క, అంటే మా వదిన, ఉండే ఊరికి పరిగెత్తాను. అక్కడా తాళమే. పెద్దమనుషులు, పోలీసులు, చుట్టాలు, ఒక్క గుమ్మం వదలకుండా కాలికి బలపం కట్టుకుని తిరిగాను. "పిల్ల సుఖంగా ఉందిలే, వెళ్ళి చెడగొట్టకు" అన్నవాళ్ళే గానీ, ఎక్కడుందో చెప్పిన మనిషి లేడు.

ఏళ్ళు గడిచాక వాళ్ళు మళ్ళీ ఈ ఊరికే వచ్చారని ఎవరో చెవిన వేశారు. వీధి తెలీదు, ఇల్లు తెలీదు. నాకు తెలిసిందల్లా ఒకటే. అది పుట్టినప్పుడు చూడవచ్చిన ప్రతివాళ్ళూ "అచ్చం నువ్వే" అన్నారు. మొహం మారుతుంది, జుట్టు మారుతుంది, ఎముక ఎక్కడికి పోతుంది? నా నడుమే దానికి వచ్చి ఉండాలి. అలా వస్తే మా ప్యాంటు దానికి ఒక్క ముడత లేకుండా కుదరాలి. ఒంటికి కుదిరే జీన్స్ కోసం ఆడపిల్లలు ఎన్ని షాపులు తిరుగుతారో నాకు తెలుసు. తిరిగి తిరిగి ఎప్పటికైనా ఇక్కడికి రాక తప్పదనుకున్నాను. మేనేజర్ని బతిమాలుకుని, ఫ్యాక్టరీ నుంచి షాపులోకి మారాను.

అప్పటి నుంచీ కళ్ళలో వత్తులు వేసుకుని ట్రయల్ రూము తలుపుల ముందు నిలబడ్డాను. ఒకసారి ఒక పిల్లకి నా ప్యాంటు అచ్చు గుద్దినట్టు కుదిరింది. నడుం, తొడలు, ఎడమ పక్క ఎత్తు, అన్నీ. నా పైప్రాణాలు పైనే పోయాయి. "మీ అమ్మ ఎక్కడుంటుందమ్మా?" అని అడిగాను. "అదుగో, రేటెక్కువ అని పోట్లాడుతోంది" అని కౌంటర్ వైపు చూపించింది. అక్కడ నా ఆకారంలోనే ఉన్న ఇంకొకావిడ, రేడియోని సైతం మాట్లాడనివ్వకుండా మాట్లాడుతోంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఇక నడుం తేడాగా ఉన్న పిల్లలొస్తే నాకు ఓపిక ఉండేది కాదు. చూడగానే చెప్పేసేదాన్ని. "ఈ కట్ నీకు రాదమ్మా, ఊరికే శ్రమపడకు" అని పక్క షాపుకి దారి చూపించేదాన్ని. వాళ్ళ మంచికే చెబుతున్నాననుకునేదాన్ని.

ఆ రోజు పొద్దున్నే ఒక పొడుగాటి పిల్ల వచ్చింది. భుజం నుంచి మడమ దాకా ఎక్కడా వంపన్నది లేదు. పెద్ద పెద్ద అంగలు, ఇంతెత్తు కాళ్ళు. కూడా ఎవరో పెద్దావిడ వచ్చి, గుమ్మం పక్కన బెంచీ మీద వీధి వైపు తిరిగి కూర్చుంది. నేను అలవాటుగా పిల్ల నడుం వైపు ఒక చూపు చూసి, ఆశ వదిలేసుకున్నాను.

"ఈ కట్..." అని నోరు తెరవబోయాను.

"నాకు రాదని చెబుతారు. తెలుసులెండి ఆంటీ" అంది నవ్వుతూ. "పోయినేడు కూడా స్నేహితురాలితో వచ్చాను. మీరే ఉన్నారు. లోపలికి కూడా వెళ్ళనివ్వలేదు నన్ను."

నాకు కాస్త సిగ్గేసింది. "మళ్ళీ ఎందుకొచ్చావు మరి?"

"ఇంకెక్కడా దొరక్క. రేపు పొద్దున్నే ఉద్యోగంలో చేరడానికి వెళ్ళాలి. చాలా దూరం. సెల్ టవర్లెక్కి యాంటెన్నాలు చూసే పని. వాళ్ళిచ్చే ప్యాంట్లు మగవాళ్ళవి, వేసుకుంటే ఇద్దరు మనుషులు పట్టేలా ఉన్నాయి. నావి వేసుకుని మెట్టెక్కితే ఇక్కడ పట్టేస్తుంది" అని తొడ మీద కొట్టి చూపించింది. "పైకెక్కాక ప్యాంటు సర్దుకుంటూ కూర్చోలేను కదా ఆంటీ."

మనిషి మాట తీరు నాకు నచ్చింది. నడుముకి సరిపోయే పెద్ద సైజు ఒకటి తీసి లోపలికి పంపాను. బయటికొచ్చింది. నడుం కుదిరింది గానీ పిరుదుల దగ్గర బట్ట సంచిలా వేలాడుతోంది, కింద అంచు చీలమండకి పైనే ఆగిపోయింది. "చూశారా, నా బతుకింతే" అంది.

"బతుకు కాదు, కుట్టు. కుట్టు విప్పితే విడిపోతుంది. ఎక్కు స్టూలు" అన్నాను. మాస్టారి గొంతే నా నోట్లోంచి వచ్చింది. కూర్చోబెట్టాను, లేపాను, వంచాను. పక్కల్లో పట్టి గుండుసూదులు గుచ్చాను. అంచు ఎంత దించాలో చూడ్డానికి మోకాళ్ళ మీద కూర్చుని, "ఒక కాలెత్తు" అన్నాను.

ఒంటికాలి మీద నిలబడలేక ఆ పిల్ల చెయ్యి చాచి నా తల మీద ఆనించింది. ఆనించి, నేను సూదులు గుచ్చుతున్నంతసేపూ, తనకే తెలియకుండా నడినెత్తిన వేళ్ళతో దరువు వేసింది.

నా చెయ్యి ఆగిపోయింది. లోకంలో ఎంతమంది పిల్లలకి ఈ అలవాటుండదు అని నాకు నేనే చెప్పుకున్నాను. తలెత్తితే ఎక్కడ ఆ చెయ్యి జారిపోతుందోనని తల మాత్రం ఎత్తలేదు.

"ఏమే గుండుసూదీ! అయిందా, ఇంకా ఉందా?" అని గుమ్మం దగ్గర నుంచి పెద్దావిడ కేకేసింది.

"వస్తున్నా అత్తా!"

ఆ గొంతు నాకు తెలుసు. కాస్త బొంగురుపోయింది, అంతే. అది మా వదిన గొంతు. నోట్లో పెట్టుకున్న గుండుసూదులు మింగకుండా ఎలా ఉన్నానో ఇప్పటికీ నాకు తెలీదు. ప్యాంటు అంచు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఈ పిల్లని పోయినేడు నేనే గుమ్మంలోంచి పంపేశాను. నా నడుం కోసం వెతుకుతూ నా కూతుర్ని పొమ్మన్నాను. దానికి వాళ్ళ నాన్న ఒళ్ళు వచ్చింది. ఆ మాట ఒక్కరోజు కూడా నా బుర్రకి తట్టలేదు.

"మీ అత్తా?" అన్నాను, నోట్లో సూదులు తీసి దిండులో గుచ్చుతూ.

"అవును. నాన్న పోయాక అత్తా నేనే."

"అమ్మ?"

"తెలీదండీ. అడిగితే నాన్న లేచి వెళ్ళిపోయేవాడు. అందుకని అడగడం మానేశాను." నా తల మీది చెయ్యి తీసేసింది. అక్కడంతా ఖాళీ అయిపోయినట్టుంది నాకు.

అప్పుడే చెప్పేయాల్సింది. కానీ ఏమని చెప్పను? మోకాళ్ళ మీదున్న పనిమనిషి తలెత్తి నేను మీ అమ్మనంటే ఏ పిల్ల నమ్ముతుంది? నమ్మినా, గుమ్మంలో వాళ్ళ అత్త ఉంది. పెంచిన చేతులు అవి. ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కుపోతే నాకు ఈ పూట కూడా దక్కదు. "సాయంత్రానికి సిద్ధం చేస్తాను. నువ్వే రావాలి. రెండోసారి తొడిగి చూడందే ఇవ్వను" అన్నాను. వాళ్ళు వెళ్ళేటప్పుడు బట్టల రాక్ చాటున నిలబడ్డాను. వదిన మెట్టు దిగుతూ ఎందుకో ఒకసారి వెనక్కి తిరిగింది. ఆవిడ చూపు నా మణికట్టు దిండు మీద ఆగినట్టే ఉంది. నా మొహం చూసిందో లేదో తెలీదు.

ఆ రోజు ఇంకే ట్రయల్ రూము వైపూ వెళ్ళలేదు. మూల ఉన్న ఆల్టరేషన్ మిషన్ దగ్గర కూర్చుని, "ఇవాళ నన్ను పిలవకు" అని రేడియోకి చెప్పాను. నా మొహం చూసి అది కూడా నోరు మూసుకుంది. దాని సర్వీసులో అది మొదటిసారి.

పక్క కుట్లు విప్పాను. నా పిరుదుల కోసం వదిలిన బట్టనంతా లోపలికి తీసేశాను. నా ఎడమ పక్క ఎత్తుని కోసేశాను. విప్పుతున్న కొద్దీ ఆ ప్యాంటులోంచి నేను వెళ్ళిపోతున్నాను, ఆ పిల్ల వస్తోంది. కాళ్ళ మధ్యన, మెట్టెక్కేటప్పుడు పట్టేసే చోట, అదే గుడ్డతో పలకలాంటి చిన్న ముక్క ఒకటి అతికాను. కాలు ఎంత చాపినా ఇక లాగదు. అంచు మడతంతా దించాను.

దించుతుంటే దొంగబుద్ధి పుట్టింది. ప్యాంటు సరిగ్గా కుదిరిన మనిషి మళ్ళీ షాపు మొహం చూడదు. వేసుకుని, సంతోషపడి, ఎవరు కుట్టారో కూడా మరిచిపోతుంది. అదే నడుం దగ్గర కొంచెం వదులుంచితే? ఒక కుట్టు బలహీనంగా వదిలితే? సెలవుకి వచ్చినప్పుడు మళ్ళీ తెస్తుంది. మళ్ళీ వంగు, లే, స్టూలెక్కు. మళ్ళీ నా తల మీద ఆ చెయ్యి. ఇన్నేళ్ళూ ఎండిపోయిన మనిషికి ఆ కాస్త చాలదా? నాకు చాలు. దేవుడి మీద ఒట్టు, నాకు చాలు. మిషన్ చక్రం మీద చెయ్యి వేసి చాలాసేపు కదలకుండా కూర్చున్నాను.

కానీ అది టవరెక్కుతుంది. అంత ఎత్తున, గాలిలో, ఒక చేత్తో ఇనుప కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో నేను వదులుగా వదిలిన నడుం పైకి లాక్కుంటుంది. ఆ బొమ్మ కళ్ళ ముందు కనబడగానే నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. నడుం పట్టీకి రెండో వరస కుట్టు కూడా వేశాను.

సాయంత్రం ఒక్కతే వచ్చింది.

"అత్త రాలేదా?"

"నువ్వొక్కదానివే వెళ్ళు, తొందరేం లేదు, నిదానంగా రా అంది. ఎప్పుడూ బజారుకి నన్ను ఒక్కదాన్నే పంపదు. ఏమైందో ఇవాళ. పొద్దుట్నుంచీ మాట కూడా సరిగ్గా లేదు."

అయితే వదిన నన్ను చూసింది. చూసి కూడా పంపింది. ఎన్నో ఏళ్ళుగా ఆవిడని తిట్టుకోని రోజు లేదు నాకు. ఆ సాయంత్రం మాత్రం తిట్టు నోటికి రాలేదు.

ప్యాంటు తొడుక్కుని బయటికొచ్చింది. అద్దంలో ముందు చూసుకుంది, పక్కకి తిరిగి చూసుకుంది. తర్వాత కాలెత్తి స్టూలు మీద పెట్టి, ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కింది. "ఆంటీ, ఇది నాదే" అంది. ఆ మొహంలో వెలుగు చూడాలి. "నా వయసుకి ఇప్పటిదాకా నాకోసం కుట్టిన బట్ట ఒక్కటీ లేదు. ఎప్పుడూ ఎవరిదో వేసుకున్నట్టే ఉండేది."

"కూర్చో" అన్నాను. కూర్చుంది. "లే. వంగు." నడుం చుట్టూ వేలు పెట్టి చూశాను. మోకాలి వెనక చూశాను, తొడ మొదట్లో చూశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క ముడత కోసం అంత ఆశగా వెతికింది లేదు. ఎక్కడా దొరకలేదు. దాన్ని ఆపడానికి నా దగ్గర ఒక్క సూది పని కూడా మిగల్లేదు.

"బాగుంది. ఇంక పని లేదు" అన్నాను.

"థ్యాంక్స్ ఆంటీ. వెళ్ళొస్తాను" అంది. మణికట్టు దిండు పట్టీ సరిచేసుకోబోతే అది కాస్తా ఊడి కింద పడి, గుండుసూదులు గచ్చంతా చిందాయి.

"కదలకండి, గుచ్చుకుంటాయి" అని ఆ పిల్ల గబుక్కున గొంతుకూర్చుంది. కొత్త ప్యాంటు ఎక్కడా పట్టలేదు. ఒక్కొక్క సూదీ ఏరి, దిండు నా మణికట్టుకి తిరిగి కట్టి, అందులో వరసగా గుచ్చుతోంది. ఒక్కటి కూడా తనకి గుచ్చుకోనివ్వడం లేదు.

"ఈ పని నీకు బాగా వచ్చు" అన్నాను.

"చిన్నప్పటి అలవాటండీ. కింద సూది కనబడితే ఏరకుండా ఉండలేను. అందుకే నాకు గుండుసూది అని పేరు. అత్త పెట్టిందనుకుంటా."

"అత్త కాదమ్మా" అన్నాను. "కటింగ్ బల్ల కింద కూర్చుని ఏరేదానివి. ఏరి ఇక్కడే గుచ్చేదానివి, ఈ చేతికే. ఆ పేరు పెట్టింది నేను."

దాని చేతిలో చివరి సూది ఒకటి మిగిలింది. గుచ్చలేదు, పారేయలేదు. నా మణికట్టు వదల్లేదు. కింద నుంచి తలెత్తి నా మొహంలోకి చూసింది. నా జుట్టు, నా కళ్ళు, నా నోరు, ఒక్కొక్కటే వెతికినట్టు చూసింది.

"మళ్ళీ చెప్పండి" అంది.

మళ్ళీ చెప్పాను.